గుడ్డలతో తెప్ప: మా సంఘమంతా కలిసి కట్టిన తీరు

నేను విశాఖ అల్లిపురంలో 26 ఏళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. మెడ లోతు, చేతి కొలత, ఫాల్, పికో, ఇదే నా లోకం. శిల్పం అనే మాట నా నోట్లోంచి వస్తే నాకే నవ్వొస్తుంది. అయినా ఈస్టర్ నుంచి యాభయ్యో రోజున వచ్చే పెంతెకొస్తు పండుగ దాకా మా చర్చిలో వేలాడిన 9 అడుగుల గుడ్డ తెప్పని చూసి వెళ్ళిన వేరే సంఘాలవాళ్ళు "ఎలా చేశారక్కా, మాకూ చెప్పండి" అని ఫోన్లు చేస్తూనే ఉన్నారు. చెప్పి చెప్పి గొంతు పోయింది. అందుకని రాసి పెడుతున్నాను.

కుట్టు రానివాళ్ళు దీన్ని చూసి భయపడక్కర్లేదు. ఈ పనిలో ఇబ్బంది పెట్టేది కుట్టు వచ్చినవాళ్ళే. ఆ సంగతి కింద వస్తుంది, అందులో దోషి నేనే.

తెప్పే ఎందుకు

మొదట అందరూ అన్నది చెట్టు. సండే స్కూల్ గోడ మీద చెట్టు ఉంది, క్యాలెండర్ మీద చెట్టు ఉంది, ఇంకో చెట్టు ఎందుకని నేను నోరు మూసుకున్నాను. మా సంఘంలో జాలరిపేట కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ళలో ఒక పెద్దాయన, మామూలుగా మీటింగుల్లో మాట్లాడని మనిషి, "తెప్ప కడదామండి" అన్నాడు. ఇప్పుడు అందరివీ ఫైబర్ బోట్లే గానీ ఆయన చిన్నప్పుడు తెప్ప మీదే వేటకి వెళ్ళాడు. తెప్ప అంటే నాలుగైదు దుంగలు పక్కపక్కన పెట్టి తాడుతో కట్టేయడం. మేకు ఉండదు. తిరిగొచ్చాక తాడు విప్పేసి, దుంగల్ని ఇసకలో ఆరబెట్టి, మర్నాడు మళ్ళీ కట్టుకునేవారు.

దానికి తోడు మా పాస్టరు అయ్యగారు ఇంకో సంగతి చెప్పారు. మన తీరంలో ఒకప్పుడు మసూలా పడవలు తిరిగేవి. వాటి పలకల్ని మేకులతో బిగించకుండా కొబ్బరి తాడుతో కుట్టేవాళ్ళు. మేకు కొట్టిన పలకకి కెరటం తగిలితే చీలుతుంది, కుట్టిన పలక కాస్త వంగి దెబ్బ ఓర్చుకుంటుంది. విశాఖ హార్బరు తెరిచింది 1933లో. అంతకుముందు ఓడలు దూరంగా లంగరు వేసుకుంటే మనుషుల్నీ సరుకునీ ఒడ్డుకి చేర్చింది పడవలే. లండన్ మిషన్ వాళ్ళు ఈ ఊరొచ్చి తెలుగు బైబిలు తర్జుమా మొదలుపెట్టిన 1805లోనూ రేవు సంగతి అంతే. కుట్టిన పడవ అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. పడవ కుట్టడం కూడా ఉందంటే నా పని మరీ చిన్నదేం కాదన్నమాట.

మీ ఊళ్ళో సముద్రం లేకపోతే తెప్ప కట్టకండి. చేనేత ఊరైతే మగ్గం, పల్లెటూరైతే గాదె, ఏదో ఒకటి. కాకపోతే రెండు చూసుకోండి. విడివిడిగా చేసి తర్వాత కలిపేలా ఉండాలి. ఆ కలిపే చోటు దూరం నుంచి చూసినా కనిపించాలి. ఒకే పెద్ద గుడ్డ మీద అందరూ కుడదాం అంటే చివరికి నలుగురే కుడతారు, మిగతావాళ్ళు టీ తాగుతారు.

లెక్క

గుడ్డ అడిగే ముందు లెక్క వేసుకోవాలి. మాది ఇలా. ఒక్కో గుడ్డ ముక్క 10 అంగుళాల చదరం. నాలుగు వైపులా అర అంగుళం కుట్టులోకి పోతే 9 మిగులుతుంది. పొడవున 12 ముక్కలు కలిపితే 9 అడుగులు. అలాంటి వరసలు మూడు పక్కపక్కన కలిపి గొట్టంలా చుడితే చుట్టుకొలత 27 అంగుళాలు, అంటే దుంగ లావు ఎనిమిదిన్నర అంగుళాల పైన. ఒక దుంగకి 36 ముక్కలు. ఐదు దుంగలకి 180.

ముక్క చదరంగానే ఉండాలని నేను పట్టుబట్టాను. మొదట అనుకున్నది పొడవు వేరు, వెడల్పు వేరు. అలా అయితే సగంమంది అడ్డంగా కోసి తెస్తారని నాకు దుకాణం అనుభవం. అట్టతో 10 అంగుళాల అచ్చులు ఇరవై కోసి, వీధికి రెండు చొప్పున పంచాము. "అచ్చు పెట్టి పెన్సిలుతో గీసి, గీత మీద కత్తిరించండి." ఇంతే చెప్పాలి. ఎక్కువ చెబితే ఎవరూ చేయరు.

గుడ్డలు అడగడం

ఈస్టర్ ముందరి ఉపవాస దినాలు మొదలయ్యే భస్మ బుధవారం నాడు మొదలుపెట్టాం, అంటే చేతిలో ఆరు ఆదివారాలు. ఇల్లిల్లూ తిరిగింది స్త్రీల సమాజం వాళ్ళు. కొత్త గుడ్డ వద్దు, కొని తేవద్దు, ఇంట్లో వాడి వాడి పాతబడినదే కావాలని చెప్పాం. ఈ ఒక్క మాట చెప్పకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. ఒకరు పట్టు తెస్తారు, పక్కింటావిడ తన నైటీ ముక్క చూసుకుని సిగ్గుపడి సంచిలోంచి తీయనే తీయదు.

ఏమేం వచ్చాయంటే: పెళ్ళినాటి తెల్ల చీర చెంగు. స్టీల్ ప్లాంట్‌లో రిటైరైన ఆయన ఖాకీ చొక్కా జేబు, గుండీతో సహా. కేజీహెచ్ ఆసుపత్రిలో పనిచేసిన సిస్టర్ గారి తెల్ల కోటు. బాప్తిస్మం నాడు వేసుకున్న పాంటు. పొందూరు ఖద్దరు పంచె ముక్క ఒకటి. శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఆ పత్తిని వాలుగ చేప దవడతో ఏకుతారని ఆ పంచె ఇచ్చిన మాస్టారు చెప్తే జాలరిపేట కుర్రాళ్ళు నోరెళ్ళబెట్టారు. ఒక ఇంటివాళ్ళు మాత్రం గుడ్డ కాకుండా నీలం టార్పాలిన్ ముక్క తెచ్చారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌కి పైకప్పు రేకులు ఎగిరిపోతే, నెల రోజులు ఆ టార్పాలిన్ కిందే ఉన్నారట. దానికి సూది దించితే కన్నం కన్నంలా ఉండిపోతుంది, దగ్గర దగ్గరగా కుడితే ఆ గీత వెంబడే చిరుగుతుంది. కింద గుడ్డ అతికించి, పెద్ద పెద్ద కుట్లు వేసి ఎలాగో ఇరికించాం. అది వద్దనడానికి నాకు నోరు రాలేదు.

చనిపోయినవాళ్ళ బట్టల గురించి ముందే అయ్యగారితో ఒక మాట అనుకోండి. ఇస్తామంటారు, ఇచ్చాక బెంగపడతారు. మేమైతే బట్ట మొత్తం తీసుకోలేదు. వాళ్ళింట్లోనే, వాళ్ళ చేతే ఒక ముక్క కోయించి, మిగతాది మళ్ళీ మడతపెట్టి బీరువాలో పెట్టించాం.

చర్చి ఎదురింటావిడ మన సంఘం కాదు. రోజూ వచ్చేపోయేవాళ్ళని చూసి "నేనివ్వకూడదా అండీ" అని పసుపు అంచు చీర ముక్క పట్టుకొచ్చింది. పెద్దల్లో ఇద్దరు గొణిగారు. అయ్యగారు ఏమీ అనకుండా ఆ ముక్క తీసుకుని నడిమి దుంగ వరసలో తనే పెట్టి గుండుసూది గుచ్చారు. ఆ గొణుగుడు అక్కడితో సరి.

మూడో ఆదివారానికే ముక్కలు 240 దాటాయి. ప్రత్యక్ష గుడారానికి జనం కానుకలు తెచ్చి తెచ్చి పోస్తుంటే మోషే ఇక చాలని చాటింపు వేయించాడు కదా, బైబిల్లో నిర్గమకాండం 36లో. మాకూ అదే గతి పట్టింది. మిగిలిన ముక్కలు వెనక్కి ఇవ్వకండి, చాలా చిన్నబుచ్చుకుంటారు. అవి తాడులోకి పనికొస్తాయి.

అన్నీ ఉతికి, రెండు ఎండలు ఎండబెట్టాలి. మన ఊరి గాలికి ఏ బట్టా పూర్తిగా ఆరదు. పైకి పొడిగా ఉన్నట్టే ఉంటుంది, మడత లోపల చెమ్మ ఉంటుంది. ఆ చెమ్మతో కుట్టి మూసేస్తే వారంలో బూజు వాసన.

కుట్టు, నేను చేసిన తప్పు

ముక్కలు కలపడానికి కచ్చా కుట్టు చాలు, మన అమ్మమ్మలు బొంతకి వేసినట్టు. లావు దారం, జంట పేట. సూదులు కాస్త పెద్ద బెజ్జం ఉన్నవి కొనండి. మార్చి నెల ఉక్కకి చేతులు చెమర్చి సూది జారుతుంది, అప్పుడప్పుడు జుట్టులో రాసుకుంటూ ఉండాలి. పిన్నీసులు ఇత్తడివి తీసుకోండి. ఇనుపవి పెడితే ఉప్పుగాలికి నాలుగు రోజుల్లో తుప్పు మరక దిగుతుంది. ఐదు చాపలు పరిచి, చాపకో దుంగ అని విడగొట్టాం. ఏ చాప దగ్గర ఎవరు కూర్చోవాలో చీట్లు వేశాం. లేకపోతే ముందు బెంచీలవాళ్ళంతా ఒక దుంగ, వెనక బెంచీలవాళ్ళంతా ఒక దుంగ అయ్యేది. కుట్టురాని మగవాళ్ళకి సూదుల్లో దారం ఎక్కించే పని ఇస్తే కళ్ళజోళ్ళు వెతుక్కుంటూ గంట గడిపారు గానీ, రెండో వారానికి వాళ్ళే కుట్టడం మొదలుపెట్టారు.

ఇప్పుడు నా సంగతి. రెండో చాప దగ్గర జాలరిపేట మామ్మ ఒకామె ఉండేది, ఎనభైకి దగ్గర పడిన మనిషి. భర్త గళ్ళ లుంగీ ముక్క తెచ్చుకుంది. మా దారం ముట్టుకోలేదు. తన నడుముకి ఉన్న చిన్న సంచిలోంచి వల బాగుచేసే నీలం నైలాన్ దారం తీసి, కుట్టు కుట్టుకీ ముడి వేస్తూ కూర్చుంది. గంటన్నరకి ఒక పక్క అయింది. ముడులు ఎగుడుదిగుడుగా, గింజల్లా బయటికే కనిపిస్తున్నాయి. నాకు కన్ను నొప్పెట్టింది. నైలాన్ పాత గుడ్డని కోసేస్తుంది, ఎలాగూ ఊడిపోతుంది అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ రాత్రి దుంగల కోసం కుడుతున్న గుడ్డ కవర్లు ఇంటికి తెచ్చుకుని, పదిన్నరకి లైటు కింద కూర్చుని, బ్లేడుతో ఆ ముడులన్నీ విప్పేసి, నా కుట్టుతో తీర్చిదిద్ది, ఇస్త్రీ కూడా చేశాను.

ఆదివారం ఆరాధన అయ్యాక మామ్మ వచ్చి చాప మీద కూర్చుంది. ఆమెకి చూపు అంతంతమాత్రం. కవరు ఒళ్ళో వేసుకుని బొటనవేలితో అంచు తడుముకుంటూ వెళ్ళింది. లుంగీ ముక్క దగ్గర వేలు ఆగింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ తడిమింది.

"ఏటమ్మా, గుడ్డ నాదే. నా కుట్టేదీ?"

"గట్టిగా ఉంటుందని మళ్ళీ కుట్టాను మామ్మా."

"గట్టికా? ఓపాలి లాగి సూడు."

లాగాను. ఆమె బ్లేడు అడిగి నా కుట్టు ఒక్కచోట తెంపింది. దారం చివర పట్టుకుని అలా లాగితే జాకెట్ హెమ్మింగ్ ఊడొచ్చినట్టు 9 అంగుళాలూ సర్రున వచ్చేసింది.

"నాదైతే ఒక ముడి తెగితే ఒక కన్నే పోద్ది. నీది ఒకకాడ తెగితే అంతా ఊడొచ్చెస్తాది."

వలకి కన్నుకో ముడి ఎందుకుంటుందో నాకు ఆ రోజు తెలిసింది. చేప ఒక కన్ను కొరికితే ఆ చిల్లు అక్కడే ఆగాలి. అందరి ముందూ క్షమాపణ అడిగాను. ఆమె "పోనీలే" అని మళ్ళీ మొదట్నుంచీ కుట్టుకుంది, ఈసారి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని. మిగతా మూడు వారాలూ అన్ని చాపల దగ్గరా మూడు కుట్లకో ముడి వేయించాను. పొరపాటున కూడా కవర్లు ఇంటికి తీసుకెళ్ళలేదు. సూదులూ కవర్లూ చర్చి బీరువాలోనే, తాళం పాస్టరమ్మగారి దగ్గర.

కాబట్టి మీ సంఘంలో టైలరమ్మ ఎవరైనా ఉంటే ఆవిడకి ముక్కలు కత్తిరించడం, మిషన్ మీద చివరి పొడవు కుట్టు వేయడం, అంతవరకే అప్పగించండి. ఎవరి ముక్క ఎంత వంకరగా ఉన్నా అలాగే ఉండనివ్వాలి. గళ్ళు గళ్ళకి కలవకపోతే కలవకపోనివ్వండి. నాకు మాత్రం ఇప్పటికీ ఒకటో దుంగ చివర ఒక ముక్క తలకిందులుగా ఉంది, చూసినప్పుడల్లా చెయ్యి దురద పెడుతుంది.

లోపల ఏం పెట్టాలి

మొదటి దుంగని టైలర్ ముక్కలతో దట్టించాం. నా దుకాణంలో గోనెలకి గోనెలు ఉన్నాయి కదా, ఖర్చు లేదని సంబరం. తీరా ఎత్తబోతే ఇద్దరు కుర్రాళ్ళకి ముఖాలు ఎర్రబడ్డాయి. కాటా తెచ్చి తూస్తే 14 కిలోలు! ఐదింటికి 70. దాన్ని జనం నెత్తి మీద వేలాడదీస్తారా?

వెదురు బొంగు పెడదామన్నారు. బొంగుకి పురుగు పడుతుంది, పడితే పిండిలా రాలుతుంది, ఆదివారం తెల్లచీరలు కట్టుకుని కింద కూర్చునేవాళ్ళ మీద. వద్దన్నాను.

చివరికి కుదిరింది ఇది. నడుమ నాలుగంగుళాల పీవీసీ పైపు, పల్చటి రకం. దాని చుట్టూ బూరుగు దూది. ఆ దూది కొనలేదు, ఇంటికో పాత దిండు తెమ్మన్నాం. దిండ్లు విప్పిన రోజు చర్చి వెనక పందిట్లో మంచు పడ్డట్టే ఉంది, అందరికీ తుమ్ములు. ముక్కుకి గుడ్డ కట్టుకుని, గాలి లేని చోట చేయండి. ఫ్యాను వేసిన మహానుభావుడి పేరు చెప్పను. పైపుకి రెండు చివర్లా మూత బిగించి, దూదిని పాత దుప్పటి మీద సమంగా పరిచి, పైపుని దాని మీద పెట్టి చాప చుట్టినట్టు చుట్టాలి. మధ్య మధ్యలో టాకాలు వేసి, పైన కవరు తొడగాలి. తొడగడం దిండు గలీబు తొడిగినట్టు కాదు, ఒకరు లాగుతుంటే నలుగురు పట్టుకోవాలి. గొట్టం ఒక పక్క జానెడు కుట్టకుండా వదిలితే సులువు. ఇప్పుడు దుంగ 7 కిలోలకి వచ్చింది.

బూరుగు దూదికి నిప్పంటుకోవడానికి క్షణం పట్టదు. క్రిస్మస్ క్యాండిల్ సర్వీసులకి ఇలాంటిది పెట్టొద్దు. మేము వేలాడదీసిన రోజుల్లో క్రొవ్వొత్తులు బల్ల మీద రెండే, తెప్పకి ఇరవై అడుగుల దూరంలో.

తాడు పేనడం

నన్నడిగితే మొత్తం పనిలో ఇదే పండుగ. పిల్లల నుంచి ముసలివాళ్ళ దాకా అందరూ చేయగలిగింది కూడా ఇదే.

మిగిలిన ముక్కలూ పాత నూలు చీరలూ తీసుకోండి. నూలు చీరకి చెంగు చివర కత్తెరతో అంగుళం గాటు పెట్టి రెండు చేతులా లాగితే పర్రున నిలువునా చిరుగుతుంది, పడుగు వెంట తిన్నగా. సింథటిక్ చీర అలా చిరగదు, కత్తిరించాలి, పైగా ముడి జారిపోతుంది. వాటిని పక్కన పెట్టేయడం మంచిది. పేలిక వెడల్పు 4 అంగుళాలు. ఒక పేలిక అయిపోతే ఇంకొకటి ముడివేయకండి, గడ్డ కడుతుంది. రెండు చివరలా కాజాలా చిన్న గాటు పెట్టి, కొత్త పేలిక గాటులోంచి పాతదాని చివర దూర్చి, కొత్త పేలిక రెండో చివరని పాతదాని గాటులోంచి లాగేస్తే రెండూ కొక్కెంలా పట్టుకుంటాయి.

అలాంటి పొడవాటి పేలికలు మూడు. మూడింటినీ ఒక బెంచీ కాలికి కట్టాం. ముగ్గురు పిల్లలు తలొకటి పట్టుకుని దూరంగా నిలబడి, అందరూ కుడివైపుకే పురి పెడతారు. వదులుగా ఉన్నంతసేపూ అది గుడ్డే. పురి ఎక్కేకొద్దీ బిగుసుకుని, ఇక కాస్త వదిలితే తనంతట తనే మెలికపడి పాములా చుట్టుకుపోతుంది. అదే గుర్తు. అప్పుడు నాలుగో మనిషి మూడు చివరలూ కలిపి పట్టుకుని ఎడమవైపుకి తిప్పాలి. మూడు పేటలూ తలొకటి ఎడమవైపుకి విడిపోదామని చూస్తాయి, కలిసి కుడివైపుకి విడిపోదామని చూస్తాయి. ఆ పెనుగులాటలో ఒకదాన్నొకటి పట్టుకుని ఉండిపోతాయి. ఎదురు పురి లేకపోతే అది తాడు కాదు, ఉత్త మెలిక, చెయ్యి తీస్తే విడిపోతుంది. ప్రసంగి గ్రంథంలో మూడు పేటల త్రాడు అని వాక్యం చదవడమే గానీ పేనడం ఎవరూ చూపించలేదు మాకు. సండే స్కూల్ పిల్లలు ఆ ఒక్క సాయంత్రం నలభై అడుగులు పేనారు.

రెండు జాగ్రత్తలు. మూడు పేటల్లోనూ అతుకు ఒకేచోట రాకూడదు, అక్కడే తెగుతుంది. పేనాక పొడవులో మూడో వంతు దాకా పోతుంది, ముందే ఎక్కువ తీసుకోండి.

కట్టడం, వేలాడదీయడం

ఈస్టర్‌కి ముందు వారం, మట్టల ఆదివారం మధ్యాహ్నం ఐదు దుంగల్నీ నేల మీద వరసగా పెట్టాం. నడిమిది అర అడుగు ముందుకి. ముందూ వెనకా రెండు అడ్డకర్రలు. కట్టింది ఆ పెద్దాయనే. తాడు ఒక దుంగ మీద నుంచి, పక్కదాని కింద నుంచి తిప్పుకుంటూ వెళ్ళి, చివర పీటముడి. మా యూత్ కుర్రాళ్ళు మోకాలు పెట్టి బిగించబోతే ఆపేశాడు. దుంగకి దుంగకి మధ్య వేలు దూరాలట. బిగిస్తే కెరటం మీద విరుగుతుంది. ఇది చర్చి కదా, కెరటం ఎక్కడిదని ఒకడు అన్నాడు. ఆయన నవ్వి ఊరుకున్నాడు గానీ వేలు దూరేలాగే కట్టాడు.

బరువు గుడ్డ మీద పడకూడదు. వేలాడదీసే స్టీలు తీగలు కవర్లోంచి దూరి లోపలి పైపులకీ, అడ్డకర్రలకీ పట్టాలి. తుప్పు పట్టని రకం తీగే కొనండి, ఇక్కడ పది రూపాయలు మిగుల్చుకోకండి. తాళ్ళతో కలిపి మాది 41 కిలోలు. ఫ్యాను కొక్కేలకి కడదామని ఎవరో ఒకరు అంటారు, ఒప్పుకోవద్దు. మా సంఘంలో వెల్డింగ్ చేసే తమ్ముడు ఉన్నాడు. ఇనుప దూలానికి నాలుగు చోట్ల క్లాంపులు బిగించి, రెండు పట్టు తప్పినా మిగతా రెండు మోసేలా చేశాడు. పైగా ఒక కాపు తీగ. మొదట అదే బరువున్న ఇసక మూటలు మూడు రోజులు వేలాడదీసి చూశాకే తెప్ప ఎక్కించాం. అంత అనుమానం ఎందుకని నవ్వారు. మీదపడితే నవ్వేది ఎవరు? మీ కప్పు రేకులదో, పాతకాలపు కర్ర దూలాలదో అయితే ఇంజనీరుకి చూపించకుండా ఏదీ ఎక్కించకండి. కప్పు నమ్మకంగా లేకపోతే మోకాలెత్తు స్టాండ్ల మీద పెట్టండి, పిల్లలు ముట్టుకుంటారు, అదీ బాగుంటుంది. ఫ్యాను రెక్కలకి మూడడుగుల దూరం ఉండాలి.

తెప్ప వెనక నుంచి నాలుగు తాళ్ళ కొసలు చేతికందే ఎత్తు దాకా వదిలాం. పక్కన బుట్టలో పేలికలు. కొత్తగా వచ్చినవాళ్ళు, పరీక్షలకి చదువుకుంటూ హాస్టళ్ళలో ఉండే పిల్లలు, చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు తలో పేలిక కట్టి వెళ్ళారు. ఒక్క షరతు, ఎవరూ ఎవరి ముడీ విప్పకూడదు. పెంతెకొస్తు నాటికి ఆ కొసలు గుర్రపు తోకల్లా అయ్యాయి. సాయంత్రం నాలుగైదు గంటలకి సముద్రపు గాలి తిరిగినప్పుడు తలుపులన్నీ తీస్తే మొత్తం తెప్ప మెల్లగా ఊగేది. వేలు దూరే సందు ఉంది కదా, ఐదు దుంగలూ ఒకేసారి కదలవు. ఒకటి లేచాక ఒకటి లేస్తుంది.

ఖర్చు, దింపడం

పైపులు, తీగ, క్లాంపులు, దారం, సూదులు, టీ, బిస్కెట్లు అన్నీ కలిపి 9 వేలలోపు అయింది. సగం పైన తీగకీ క్లాంపులకే. టీ ఖర్చు రాసుకోవడం మర్చిపోకండి, లెక్క చెప్పేటప్పుడు అదే తేడా వస్తుంది.

యాభై రోజులు దాటి ఉంచొద్దు. దుమ్ము, చెమ్మ, పావురాలు. పైగా రోజూ కనిపించేది మెల్లగా కనిపించడం మానేస్తుంది. దింపాక తాళ్ళు విప్పి, దూది తీసి ఎండబెట్టాం. ఎవరి దిండు వాళ్ళకి ఇద్దామనుకున్నాం గానీ దూదికి పేరుంటుందా? తూకం వేసి సమంగా పంచాం. నా దిండులో ఇప్పుడెవరి దూది ఉందో గానీ కొంచెం కర్పూరం వాసన వస్తుంది. కవర్లు విప్పి పరిచి, కింద దుప్పటి వేసి ఐదు బొంతలు కుట్టాం. నాలుగు మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకి వెళ్ళాయి. రెండో దుంగది, నీలం ముడులున్నది, మామ్మ తనే అడిగి తీసుకుంది. తాడు మాత్రం చర్చిలోనే ఉంది. సండే స్కూల్ పిల్లలు తాడులాట ఆడుతున్నారు. ఆడుకోండి గానీ వానలో తడపొద్దని చెప్పాను, తడిస్తే ఆరడానికి వారం పడుతుంది.